రాకెట్ గర్జనకు ఉపగ్రహం తట్టుకుంటుందా? శ్రీహరికోట చేరకముందే జరిగే పరీక్ష ఇదే

ఉమ్మడి నెల్లూరు తీరంలోని శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిందంటే సూళ్లూరుపేటలో ముందు వెలుగు కనిపిస్తుంది. గర్జన కాసేపటికి గానీ వినిపించదు. అంత దూరంలోనే అలా ఉంటే, రాకెట్ కొనలో ఉన్న ఉపగ్రహం పరిస్థితేంటి?

శబ్దంతో ముప్పేంటి?

శబ్దం అంటే గాలిలో ఒత్తిడి హెచ్చుతగ్గులే. రాకెట్ లేచేటప్పుడు ఒకసారి, ధ్వని వేగాన్ని దాటేటప్పుడు మరోసారి ఈ తాకిడి ఎక్కువగా ఉంటుంది. బరువు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉండే సోలార్ ప్యానెళ్లు, యాంటెన్నాలకే దీంతో ముప్పు ఎక్కువ. పైకి వెళ్లాక ఒక్క బోల్టు వదులైనా బిగించేవాళ్లు ఉండరు.

పరీక్ష ఎలా చేస్తారు?

మందపాటి కాంక్రీటు గోడల గదిలో ఉపగ్రహాన్ని ఉంచుతారు. నైట్రోజన్ వాయువుతో పనిచేసే భారీ హారన్లు మోగిస్తారు. శబ్దం 140 డెసిబెల్స్ దాటొచ్చు. మామూలు మాటల శబ్దం 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. అంటే గాలి ఒత్తిడిలో తేడా 10 వేల రెట్లు! ఏ భాగం ఎంత ఊగిందో యాక్సిలరోమీటర్ సెన్సార్లు రికార్డు చేస్తాయి. తక్కువ ఫ్రీక్వెన్సీ కుదుపుల కోసం షేకర్ యంత్రంపై విడిగా ఊపి చూస్తారు.

కంప్యూటర్ ఉండగా ఇదెందుకు?

డిజైన్ దశలోనే కంప్యూటర్ మోడల్ కట్టి లెక్కలేస్తారు. ఇందుకు తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ కేంద్రం ‘ఫీస్ట్’ అనే సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా తయారు చేసింది. అయితే ఊగిన భాగం ఎంత త్వరగా నిమ్మళిస్తుందనేది డ్రాయింగ్ చూసి కచ్చితంగా చెప్పలేం. అతుకులు, బోల్టుల దగ్గర రాపిడిని కొలిచే తెలుసుకోవాలి. దీన్నే డ్యాంపింగ్ అంటారు. కొలిచిన అంకెలతో మోడల్‌ను సరిదిద్దుతారు. ఆ తర్వాతే రాకెట్, ఉపగ్రహం రెండింటినీ కలిపి వేసే లెక్కలను నమ్మొచ్చు.

మోడల్ తప్పితే రెండు రకాలుగా నష్టం. బలం తక్కువ అంచనా వేస్తే అనవసర బరువు పెరుగుతుంది, ఎక్కువ అంచనా వేస్తే భాగం విరుగుతుంది.

చంద్రయాన్-3 కూడా..

చంద్రయాన్-3కి కూడా 2023 మార్చి మొదటి వారంలో బెంగళూరులోని యూఆర్ రావు ఉపగ్రహ కేంద్రంలో వైబ్రేషన్, అకౌస్టిక్ పరీక్షలు చేశారు. జులై 14న శ్రీహరికోట నుంచి నింగికెగిరి, ఆగస్టు 23న చందమామపై దిగింది. తీరంలో వినిపించే ఆ గర్జనను అది అప్పటికే ఒకసారి గదిలో తట్టుకుని వచ్చిందన్నమాట.