ఫ్రెంచ్ నేర్చుకుంటున్నారా? ‘లో’, ‘కి’ దగ్గరే అసలు చిక్కు.. ఇంగ్లిష్ పక్కన పెట్టి చూడండి!

మర్రిగూడలో ఉన్నా, మర్రిగూడకి వెళ్తున్నా.. తెలుగులో ‘లో’ వేరు, ‘కి’ వేరు. ఫ్రెంచ్‌లో మాత్రం రెండింటికీ ఒకటే మాట: ‘ఆ మర్రిగూడ’. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకున్నోళ్లు, కెనడా పీఆర్ కోసం టెఫ్, టీసీఎఫ్ పరీక్షలు రాసేవాళ్లు తడబడేది ఇలాంటి చిన్న మాటల దగ్గరే. 2023 నుంచి కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు వేరుగా డ్రాలు తీస్తోంది. అందులో లెక్కలోకి రావాలంటే వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింట్లోనూ కనీసం లెవెల్ 7 ఉండాలి. రాయడం, మాట్లాడడంలో ఈ తప్పులు ఇట్టే దొరికిపోతాయి.

వెళ్తున్నారా, ఉన్నారా అన్నది ఫ్రెంచ్‌కి అక్కర్లేదు. ఆ చోటు ఏ రకం అన్నదే ముఖ్యం. ఊరైతే ‘ఆ’. దేశమైతే లింగం చూడాలి. ఫ్రెంచ్ స్పెల్లింగ్ చివర ‘ఈ’ అక్షరం ఉన్న దేశాలు దాదాపు అన్నీ స్త్రీలింగం, వాటికి ‘ఆఁ’ (ముక్కుతో పలకాలి). ఇండియా, ఫ్రాన్స్ ఈ లెక్కలోకే వస్తాయి. కెనడా పుంలింగం, కాబట్టి ‘ఓ’. తెలంగాణకీ ‘ఓ’నే. అమెరికా పేరు ఫ్రెంచ్‌లో బహువచనం, ‘ఓజెతాజూనీ’ అనాలి. మెక్సికో, కంబోడియా మాత్రం మోసం చేస్తాయి. చివర ‘ఈ’ ఉన్నా అవి పుంలింగమే. ఇరాన్, ఇరాక్ పుంలింగమైనా అచ్చుతో మొదలవుతాయి కాబట్టి ‘ఆఁ’. కెనడా వెళ్లేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: ‘ఆ కెబెక్’ అంటే క్యూబెక్ సిటీ, ‘ఓ కెబెక్’ అంటే క్యూబెక్ రాష్ట్రం. ఒక్క అక్షరంతో అర్థం మారిపోతుంది.

ఇక క్రియల సంగతి. ఇక్కడ చాలామంది ఇంగ్లిష్ నుంచి ఫ్రెంచ్‌లోకి వెళ్లి ఇరుక్కుంటారు. తెలుగు నుంచే వెళ్తే కొన్నిచోట్ల దారి సాఫీగా ఉంటుంది. (తెలుగోళ్లకు ఫ్రెంచ్ మరీ కొత్తేం కాదు, యానాం 1954 దాకా ఫ్రెంచ్ పాలనలోనే ఉంది.) ‘పాటలు వింటా’, ‘తాళంచెవి వెతుకుతా’ అనేటప్పుడు మనం మధ్యలో ఏమీ పెట్టం. ఫ్రెంచ్‌లో ‘ఎకూతే’, ‘షెర్షే’ కూడా అంతే, ఇంగ్లిష్‌లోనే ‘టు’, ‘ఫర్’ కావాలి. ‘అమ్మకి ఫోన్ చేస్తా’లో ‘కి’ ఉంది కదా, ఫ్రెంచ్ ‘తెలెఫోనే’ తర్వాత కూడా ‘ఆ’ ఉండాల్సిందే. ‘రెండేళ్ల నుంచి నేర్చుకుంటున్నా’ అన్నదీ అచ్చం అలాగే, ‘దప్వీ’ పెట్టి వర్తమానంలో చెప్తే చాలు. ‘బస్సు కోసం చూస్తున్నా’ మాత్రం పనికిరాదు. ‘అతాంద్ర్’ పక్కన ‘కోసం’ రాదు.

టైమ్ దగ్గర తెలుగే తికమక పెడుతుంది. ‘పది నిమిషాల్లో వస్తా’, ‘పది నిమిషాల్లో వంట చేసేశా’.. మనకు రెండూ ఒకటే. ఫ్రెంచ్‌లో మొదటిదానికి ‘దాఁ’, అంటే ఇప్పటినుంచి పది నిమిషాల తర్వాత. రెండోదానికి ‘ఆఁ’, అంటే పని పూర్తవడానికి పట్టిన టైమ్. ఇంటర్వ్యూలో ‘రెండేళ్లలో డిగ్రీ’ అని చెప్పేటప్పుడు ఇది తారుమారైతే, డిగ్రీ అయిపోయిందా, ఇంకా రెండేళ్లు ఆగాలా అని ఎదుటివాళ్లకు అనుమానం వస్తుంది.

చివరిది ‘షే’. ఆసుపత్రికి వెళ్తే ‘ఆ’, డాక్టర్ దగ్గరికి వెళ్తే ‘షే’. మనుషుల విషయంలో మనం ‘దగ్గరికి’, ‘వాళ్లింటికి’ అన్నట్టే. ఫ్రెంచ్ హోటళ్ల బోర్డుల మీద ఓనర్ పేరు ముందు ‘షే’ కనిపించేది అందుకే.