బాతుల రాత్రి దొడ్డి

పెరటి బాతులను పొద్దుగూకినప్పటి నుంచి మర్నాడు ఉదయం దాకా మూసి ఉంచే చిన్న ఆవరణే రాత్రి దొడ్డి. పగలంతా చెరువు గట్టునో వరిమడిలోనో తిరిగే పక్షులు రాత్రి కుక్క, నక్క, అడవి పిల్లి నోట పడకుండా ఇది కాపాడుతుంది. గుడ్లూ ఒకేచోట దొరుకుతాయి. కోళ్ల గూడునే కాస్త పెద్దగా కడితే చాలదా అంటే, చాలదు.

నేల

చీకటి పడగానే కోడి దూలమో కొమ్మో వెతుక్కుంటుంది. బాతు నేలకు పొట్ట ఆనించి, ముక్కు రెక్కల్లో దూర్చి పడుకుంటుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మస్కోవీ బాతు మాత్రం ఎత్తులెక్కుతుంది. మిగతా పెంపుడు జాతులన్నీ మల్లార్డ్ అనే అడవి బాతు సంతతి. అందువల్ల దొడ్డిలో ముందు చూసుకోవలసింది నేలనే. చుట్టుపక్కల కంటే కాస్త ఎత్తుగా, నీరు జారేలా ఒకవైపు వాలుగా ఉండాలి. పైన నాలుగంగుళాల మందాన ఊకో ఎండుగడ్డో పరుస్తారు. తడిసిన చోట ఎప్పటికప్పుడు తీసి కొత్తది వేయాలి. లేకపోతే అమ్మోనియా ఘాటు పుడుతుంది, పాదాలు పుండ్లు పడతాయి. బూజు పట్టిన గడ్డి మరీ ప్రమాదం: ఆ బూజు ఊపిరితిత్తులకు సోకుతుంది.

కొలతలు

ఒక్కో బాతుకు మూడు నుంచి నాలుగు చదరపు అడుగులు కావాలి. అంటే ఆరు బాతులకు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఎత్తు బాతులకు మూడడుగులు సరిపోతుంది గానీ లోపల ఊడ్చే మనిషికి సరిపోదు. నిలబడేంత ఎత్తు కట్టలేనివారు పైకప్పును తెరుచుకునేలా చేయించుకుంటారు. గోడల కింది భాగం మూసి, పైన మెష్ వదిలితే చలిగాలి నేరుగా తగలదు, తేమ బయటికి పోతుంది.

తలుపు రెండడుగుల వెడల్పయినా ఉండాలి. బాతులు గుంపుగా ఉరుకుతాయి, వాటి కాళ్లేమో బలహీనం. గుమ్మం ఎత్తుగా ఉంటే మెట్ల బదులు వాలు పలక వేస్తారు.

కాపలా

సన్నతీగ చికెన్ మెష్ బాతును లోపల ఆపగలదు గానీ కుక్కను బయట ఆపలేదు. అరంగుళం కళ్ల వెల్డ్ మెష్ నయం. పందికొక్కులు, కుక్కలు కింద తవ్వి దూరతాయి గనుక మెష్‌ను అడుగు లోతున పాతాలి, లేదా గోడ చుట్టూ బయటికి అడుగున్నర మేర పరిచి పైన రాళ్లు పెట్టాలి.

బాతులకు సొంత కాపలా కూడా ఉంది. గుంపు అంచున పడుకున్న మల్లార్డులు తరచుగా ఒక కన్ను తెరిచి, మెదడులో సగాన్ని మేల్కొలిపి ఉంచుతాయని ఇండియానా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 1999లో వెల్లడించారు. తెరిచిన ఆ కన్ను ఎక్కువగా గుంపుకు అవతలి దిక్కునే చూస్తుంది.

వరికోతలయ్యాక చేలవెంట మందలు తిప్పే కాపర్ల దొడ్డి ఇంకా తేలిక. గుండ్రంగా నిలబెట్టిన వల లేదా తడికలు, పైకప్పు ఉండదు. కాపరి పక్కనే పడుకుంటాడు. మకాం మారినప్పుడల్లా పొడినేల కొత్తగా దొరుకుతుంది.

నీళ్లు

నీళ్లు లేకుండా పొడిమేత తింటే బాతు గొంతులో అడ్డుపడుతుంది. నీళ్లు పెడితే నేలంతా చిత్తడి. అందుకే చాలామంది సాయంత్రం మేత, నీళ్లు బయటే ముగించి, రాత్రికి రెండూ తీసేస్తారు. ఎండాకాలం లోపల నీళ్లు తప్పనిసరైతే, కింద గుంట తీసి పైన మెష్ పరిచి దానిమీద తొట్టి పెట్టాలి. తొట్టి ఐదారంగుళాల లోతుండాలి. తల ముంచి కడుక్కోకపోతే బాతు కళ్లకు పొక్కు కడుతుంది.

గుడ్లు

బాతులు చాలావరకు తొమ్మిది గంటల లోపే గుడ్లు పెట్టేస్తాయి. ఆరింటికే తలుపు తీస్తే ఆ గుడ్డు మడిలోనో చెరువులోనో పడిపోతుంది. ఖాకీ క్యాంప్‌బెల్ వంటి గుడ్ల జాతులకు మూడింటికొక పెట్టె చొప్పున, అడుగు వెడల్పు, అడుగున్నర లోతుతో గోడవారన నేలమీదే అమరుస్తారు. ఏరేటప్పుడు పెట్టెలు చూసి ఊరుకోకుండా మూలల్లో ఊకను చేత్తో తడమాలి. కొన్ని బాతులు గుడ్డు పెట్టి, లేచిపోయే ముందు దాన్ని గడ్డితో కప్పేస్తాయి.