గృహ పరిచర్య: నాణ్యతా, భద్రతా ప్రమాణములు

వ్యాధిచేతగాని, వార్ధక్యముచేతగాని, అంగవైకల్యముచేతగాని తన పనులు తాను చేసికొనజాలని మనుష్యునకు ఆసుపత్రియందుగాక స్వగృహమునందే శిక్షితులచేత జరుపబడు నియమితమైన సేవకు గృహ పరిచర్య యని పేరు. గాయమునకు కట్టు మార్చుట, ఇంజెక్షను చేయుట, వ్యాయామము చేయించుట ఇందు వైద్యభాగము. స్నానము, ఆహారము, నడక, మలమూత్ర విసర్జనములయందు తోడ్పడుట శరీరసేవాభాగము. మన పట్టణములలో మొదటి పని చేయువారిని నర్సులనియు, రెండవ పని చేయువారిని ఆయాలనియు, కేర్‌టేకర్లనియు వ్యవహరింతురు. ఈ సేవ ఏ తీరున నుండవలెనో, రోగికిగాని పరిచారకులకుగాని హాని కలుగకుండ ఏ జాగ్రత్తలు విధిగా పాటింపబడవలెనో నిర్ణయించు నియమములే దాని ప్రమాణములు.

ఆసుపత్రిలో ప్రమాణములను నిలుపునది చాలవరకు ఆ స్థలమే. ప్రక్క మంచముపై మరియొక రోగి, వార్డంతయు కలయదిరుగు హెడ్ నర్సు, ఉదయసాయంకాలములు వచ్చు డాక్టరు, మంచముకడ వ్రేలాడు కేస్ షీటు: ఇన్ని కన్నుల యెదుట అశ్రద్ధ చాలకాలము దాగదు. ఇంటిలో నివి యేవియు లేవు. మూసిన తలుపుల వెనుక, నోరు విప్పి చెప్పుకొనలేని వృద్ధురాలి ప్రక్కన, పండ్రెండు గంటలు ఒంటరిగా పనిచేయు పరిచారిక యేమి చేసినదో, యేమి చేయక విడిచినదో యెరిగినవారు లేరు. అందుచేత గృహ పరిచర్యా ప్రమాణములలో తక్కినవన్నియు ఒక యెత్తు, పర్యవేక్షణ మొక్కటియే ఒక యెత్తు.

ఇంటింటికి తిరుగు నర్సుల వ్యవస్థ ఆధునిక రూపమున 1859లో ఇంగ్లండునందలి లివర్‌పూల్ నగరమున మొలకెత్తినది. విలియం రాత్‌బోన్ అను వర్తకుడు, మరణశయ్యపై నున్న తన భార్యకు సేవ చేసిన మేరీ రాబిన్సన్ అను నర్సునే, భార్య గతించిన పిదప, నగరములోని నిరుపేద రోగుల యిండ్లకు పంపసాగెను. అట్టి పనికి తగిన నర్సులు దొరకక ఆయన ఫ్లారెన్స్ నైటింగేల్ సలహా కోరగా, అక్కడి ఆసుపత్రికి అనుబంధముగా శిక్షణాలయ మేర్పడినది. సేవ వెలసిన కొలది యేండ్లకే శిక్షణ యను నియమము దాని వెంట నడచివచ్చిన దన్నమాట. అమెరికాలో లిలియన్ వాల్డ్ 1893లో న్యూయార్కు పేటలలో ఇట్టి సేవనే ప్రారంభించెను.

వైద్యసేవ మంచిచెడ్డలను నిర్మాణము, ప్రక్రియ, ఫలితము అను మూడు దృష్టులతో పరీక్షింపవచ్చునని 1966లో అవెడిస్ డొనబీడియన్ అను వైద్యుడు ప్రతిపాదించెను. సంస్థకు లైసెన్సు, పరిచారికకు శిక్షణ ఉన్నవా యనునది నిర్మాణము. కదలలేని రోగిని వేళకు ప్రక్కకు త్రిప్పుచున్నారా యనునది ప్రక్రియ. వీపున పుండు పడకుండ నున్నదా యనునది ఫలితము. వీనిలో మొదటిది కాగితములు చూచినంతనే తేలును గనుక ప్రభుత్వములు తరచుగా అక్కడనే ఆగిపోవుట కద్దు. రోగికి కావలసినది మాత్రము మూడవది.

ఈ విషయమున సవిస్తరమైన నిబంధనలు అమెరికా మెడికేర్ బీమా పథకమునందు కనబడును. 1965లో చట్టమైన ఆ పథకము క్రింద సేవలందించు సంస్థలకు 1987 నాటి చట్టము కఠిననియమములను విధించినది. వానిని, తరువాతి నిబంధనలను అనుసరించి పరిచారికకు తక్కువపక్షము 75 గంటల శిక్షణ ఉండవలెను. అందు 16 గంటలు పర్యవేక్షణలో స్వయముగా చేసి నేర్చినవి కావలెను. ఆపైన ఏటేట 12 గంటల పునశ్శిక్షణ ఉండవలెను. డాక్టరు సిఫారసు చేసిన 48 గంటలలోపల రోగిని ఇంటికి వచ్చి పరీక్షింపవలెను. నర్సుసేవ పొందుచున్న రోగి విషయమున ప్రతి 14 దినములకొకసారి అర్హతగల నర్సుగాని, తత్సమానులుగాని పరిచారిక పనిని విచారింపవలెను. ఈ పదునాలుగు దినముల నియమమే నా దృష్టిలో ఆ వ్యవస్థకు ప్రాణము; 75 గంటలు నేర్చినది 14 దినములకొకసారి యెవరో వచ్చి అడుగకున్నచో ఆరు మాసములలో మరపునకు వచ్చును. రోగి నడక, స్నానము, మందులు మున్నగువానియందు మెరుగుపడెనో లేదో తెలుపు ప్రశ్నావళిని పూరించి పంపుట సంస్థల విధి. ఆ ఫలితములు సంస్థలవారీగా ప్రజలకు ప్రకటింపబడుచుండును. అయితే ఈ రక్షణ మెడికేర్ గుర్తింపు పొందిన సంస్థలకే పరిమితము. సొంత సొమ్ముతో పెట్టుకొను పరిచారికల విషయమున ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క పద్ధతి.

ఇంగ్లండులో 2009లో పని ప్రారంభించిన కేర్ క్వాలిటీ కమిషన్ ఈ సంస్థలను తనిఖీ చేసి నాలుగు తరగతులుగా నిర్ణయించుచున్నది. అరగంటకంటె తక్కువ సేపు ఇంటికి వచ్చి పోవుటను సామాన్యముగా అంగీకరింపరాదని అక్కడి జాతీయ సంస్థ నైస్ 2015లో మార్గదర్శకము వెలువరించినది. గడియారము చూచుచు పదిహేను నిమిషములలో వృద్ధునకు స్నానము, భోజనము, మందు ముగించి పరుగెత్తు పద్ధతికి ఇది అడ్డుకట్ట.

ఇంటిలో పొంచియుండు ప్రమాదములు చూచుటకు చిన్నవి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లో చేతుల శుభ్రతకు ఐదు సందర్భములను నిర్దేశించినది: రోగిని తాకుటకు ముందు, శుచిగా చేయవలసిన క్రియకు ముందు, శరీరద్రవములు సోకిన పిదప, రోగిని తాకిన పిదప, అతని పరిసరములను తాకిన పిదప. మంచముపై కదలలేనివారిని సుమారు రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పవలెనని వాడుక. త్రిప్పిన వేళ వ్రాయవలెను. ముక్కుగొట్టముద్వారా ఆహారమిచ్చునపుడు తల యెత్తుగా నుంచనిచో ఆ ఆహారము ఊపిరితిత్తులలోనికి దిగవచ్చును. మూత్రపుసంచి మూత్రాశయముకంటె దిగువను వ్రేలాడవలెను, నేలను తాకరాదు. తడిసిన స్నానాలగది, లోపల గడియ పెట్టుకొను అలవాటు, రాత్రివేళ దీపము లేకుండ లేచుట వృద్ధులు పడుటకు హేతువులు. మన యిండ్లకు ప్రత్యేకమైన ప్రమాద మింకొకటి కలదు: ఆక్సిజను పెట్టిన గదిలోనే సాయంకాలము దీపారాధన చేయుట, అగరువత్తి వెలిగించుట. సిలిండరు రెగ్యులేటరుకు నూనె రాయుటయు అంతే అపాయకరము. వాడిన సూదులను, సిరంజిలను 2016 నాటి ఘనవ్యర్థముల నియమములు గృహసంబంధమైన ప్రమాదకరవ్యర్థములుగా లెక్కించి వేరుగా అప్పగింపుమన్నవి. అవి నేటికిని కూరగాయల తొక్కలతో కలసి చెత్తబండి యెక్కుచున్నవి.

ప్రమాణబద్ధమైన గృహసేవ భారతదేశమునకు కొత్తకాదు. శిశువు ఆసుపత్రిలో పుట్టినచో 3, 7, 14, 21, 28, 42వ దినములందు, ఇంట పుట్టినచో మొదటి దినమునకూడ ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి, బరువు తూచి, ఉష్ణోగ్రత చూచి పత్రములో నింపవలెనని ప్రభుత్వనిబంధన. కేరళము 2008లో ఉపశమనచికిత్సా విధానమును ప్రకటించి, గృహసందర్శనములను దానికి ఆధారముగా నిలిపినది. తెలంగాణలో ‘ఆలన’ వాహనములలో నర్సులు అంతిమదశ రోగుల యిండ్లకు వెళ్లుచున్నారు. ప్రభుత్వసేవలో ఇన్ని లెక్కలున్నను, డబ్బు పుచ్చుకొని ఆయాలను పంపు ప్రైవేటు ఏజెన్సీలకు మాత్రము ప్రత్యేకమైన కేంద్రచట్టము లేదు. నర్సు రాష్ట్ర నర్సింగు కౌన్సిలులో నమోదు కావలసియుండగా, ఆయాకు అట్టి నియమమే లేదు. పిల్లలు అమెరికాలోను, తల్లిదండ్రులు విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్న కుటుంబములు నేడు విస్తారము; వారికి పర్యవేక్షణ యనగా రాత్రిపూట వీడియో కాల్‌లో కనబడిన ముఖమే.

పరిచారిక క్షేమముకూడ ప్రమాణములలోనిదే. బరువైన రోగిని ఒంటరిగా ఎత్తి నడుము పోగొట్టుకొనునది, సూది గుచ్చుకొని హెపటైటిస్-బి భయమున పడునది ఆమెయే. పనిస్థలములలో లైంగిక వేధింపులను నిషేధించు 2013 నాటి చట్టము నివాసగృహమును కూడ పనిస్థలముగా చెప్పినది. ఈ సంగతి ఆయాలలో ఎందరికి తెలిపిరో ఏజెన్సీలనే అడుగవలెను. ఇరువదినాలుగు గంటల డ్యూటీయని చెప్పి నిదురకు వేళ చూపని ఒప్పందము రోగి భద్రతను కూడ చెరచును.

వృద్ధుల గృహసేవాసంస్థలు నమోదు కావలెననియు, శిక్షణ పొంది పోలీసు విచారణ జరిగినవారినే నియమింపవలెననియు చెప్పు సవరణబిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టబడి, 2024లో ఆ సభతోపాటే మురిగిపోయినది. అట్టి చట్టము వచ్చువరకు గృహస్థులు ఏజెన్సీనుండి నాలుగింటిని వ్రాతపూర్వకముగా కోరవలెను: పరిచారిక శిక్షణాపత్రము, పోలీసు విచారణపత్రము, ప్రతిదినము నింపు సేవాపట్టిక, ముందు తెలుపకుండ వచ్చి చూచు నర్సు పేరు. నాలుగవది ఇయ్యలేమన్న ఏజెన్సీని విడిచిపెట్టుట మేలు.