పచ్చబొట్టు కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, మా పెదకాకాని మల్లేశ్వరస్వామి గుడి గురించో, బాజీబాబా దర్గా ఉరుసు గురించో రాద్దామనుకున్నాను. వాటి గురించి రాసినవారు చాలామందే ఉన్నారు. అందుకని మన ఇళ్లలోనే పుట్టి మన కళ్లముందే మరుగునపడిన పచ్చబొట్టు చరిత్ర రాస్తున్నాను. ఇందులో మా అమ్మ సంగతి కూడా కొంత వస్తుంది. పాఠకమిత్రులు మన్నించాలి.

మన చిన్నతనంలో పచ్చబొట్టు లేని ఆడవారు పల్లెల్లో అరుదు. కనుబొమల మధ్య ఒక చుక్క, గడ్డం మీద ఒకటి, ముంజేతి మీద తులసికోట, తేలు, ముగ్గు, లేకపోతే ఒక పేరు. మిరపకోతలు అయిపోయి జనం చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో ఎరుకలసాని గద్దె బుట్ట చంకన పెట్టుకొని వచ్చేది. సోది చెప్పేదీ ఆమే, పచ్చ పొడిచేదీ ఆమే. మా నాయనమ్మ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి ముందు మజ్జిగ ఇచ్చి, తర్వాత బేరం మొదలుపెట్టేది. పోయేటప్పుడు నగలు ఒలుచుకుంటారు, చీర కూడా మనది కాదు, వెంట వచ్చేది ఈ పచ్చబొట్టొక్కటేనని నాయనమ్మ నమ్మకం. ఆ నమ్మకం మన దేశంలో చాలాచోట్ల ఉంది.

మద్రాసు మ్యూజియం అధికారిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ దొర 1906లో ప్రచురించిన పుస్తకంలో ఈ విద్యను వివరంగా రాశాడు. అవిసె ఆకును పసుపుతో నూరి, పలచని గుడ్డకు పూసి, వత్తిగా చుట్టి, ఆముదపు దీపంలో వెలిగిస్తారు. దాని మీద కొత్త కుండ బోర్లిస్తే లోపల మసి పడుతుంది. ఆ మసిని గీకి చనుబాలతోగాని నీళ్లతోగాని కలిపి సూదులతో పొడుస్తారు. కూలి చుక్కకు కానీ మొదలు పెద్ద బొమ్మకు పన్నెండణాల దాకా ఉండేదనీ, పల్లెల్లో డబ్బుకు బదులు బియ్యం కొలిచి ఇచ్చేవారనీ కూడా రాశాడు. మా ఇంట్లో మాత్రం సోలెడు జొన్నలూ, ఒక పాత రవికా.

నల్లని మసి పచ్చగా ఎందుకు కనబడుతుందని చిన్నప్పుడు అడిగితే ఎవరూ చెప్పలేదు. మసి పైచర్మం దాటి లోపలి పొరలో నిలుస్తుంది. పైనున్న చర్మం గుండా చూస్తాం కాబట్టి ఆ నలుపు మనకు పచ్చగా, నీలంగా తోస్తుంది. లోపలి కణాలు ఆ మసిని మింగి దాచుకుంటాయి. అవి చనిపోతే వాటి వెనుక వచ్చిన కణాలు మళ్లీ మింగుతాయని 2018లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఎలుకల మీద పరిశోధించి తేల్చారు. మన తరవాత మన పింఛను ఇంట్లోవారికి వచ్చినట్టే అనుకోండి!

ఈ అలవాటు ఒక్క మనదే కాదు. 1991లో ఆల్ప్స్ మంచుకొండల్లో దొరికిన, 5 వేల ఏళ్లకు పైబడిన మనిషి దేహం మీద 61 పచ్చబొట్లు లెక్కపెట్టారు. విద్యుత్తుతో నడిచే పచ్చబొట్టు యంత్రానికి అమెరికాలో 1891లోనే పేటెంటు ఇచ్చారు. మా వైపు నేను దాన్ని మొదట చూసింది చాలా ఆలస్యంగా, కోటప్పకొండ తిరునాళ్లలో.

పచ్చబొట్టుకు చీకటి చరిత్ర కూడా ఉంది. 18వ శతాబ్దం చివర నుంచి కుంపిణీవారు కొన్ని నేరాలకు శిక్షపడిన ఖైదీల నుదుటి మీద ఆ నేరాన్ని పచ్చగా పొడిపించేవారు. 1849లో ఆ పద్ధతి రద్దయింది. తర్వాత నేరస్థ జాతుల చట్టం వచ్చి, మద్రాసు రాష్ట్రంలో 1911 నుంచి ఎరుకలవారిని ఆ జాబితాలోకి ఎక్కించింది. అప్పటి మన జిల్లాలోనే బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు అలా పుట్టింది. వేలిముద్రలు, హాజరు పట్టీలు, ఊరు దాటాలంటే అనుమతి. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం పోయింది. మా అరుగు మీద కూర్చొని మజ్జిగ తాగినామె ఏ ఊరినుంచి, ఎవరి అనుమతితో వచ్చేదో మేము ఏనాడూ అడగలేదు.

ఇక మా అమ్మ సంగతి. అమ్మ కుడి ముంజేతి మీద ఒక పేరు ఉండేది. అమ్మకు అక్షరం రాదు. నాన్న పెన్సిలుతో కాగితం మీద రాసిస్తే, చదువురాని ఎరుకలసాని ఆ గీతలను చూసి పొడిచింది. నేను మూడో తరగతిలో ఉండగా, చదవడం వచ్చిన గర్వంతో ఆ చేయి పట్టుకొని కూడబలుక్కుంటూ చదివాను. కోటప్పకొండ స్వామి పేరు. నా పేరూ అదే. అందులో 'శ' కింద వత్తు లేదు.

"అమ్మా, నా పేరు తప్పు రాయించావే" అన్నాను.

అమ్మ చెంగు లాగి చేయి కప్పుకుంది. కాసేపటికి, "అది నీది కాదు లేరా" అంది.

నాకంటే ముందు పుట్టి, ఏడాది నిండకుండా పోయిన అన్న పేరు అది. అదే పేరు మళ్లీ నాకు పెట్టారు. ఆ సంగతి నాకు నాయనమ్మ చెప్పింది. ఆ తర్వాత నేను ఎదుట ఉంటే అమ్మ మోచేతి దాకా చెంగు కప్పుకునేది. నేను పెద్దవాణ్నై ఉద్యోగంలో చేరాక కూడా ఆ అలవాటు పోలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు.

మా నాన్న కాలువల శాఖలో లస్కరు. 1976లో ఆయన పోయాక అమ్మకు కుటుంబ పింఛను కాగితాలు నేనే నింపాను. ఒంటి మీది గుర్తుల దగ్గర "కుడి ముంజేతిపై పచ్చబొట్టు" అని రాశాను. ఏం రాశావని అమ్మ అడిగింది. చెప్పాను.

"పేరు రాయలేదూ?"

"పేరు రాయనా?"

"రాయి. నువ్వు దిద్దమాక. చేతి మీద ఎట్లా ఉందో అట్లాగే రాయి" అని, చెంగు తీసి చేయి ముందుకు చాపింది.

వత్తు లేకుండానే రాశాను. ఆ కాగితం చూసిన పెద్ద గుమాస్తా ఎర్రసిరాతో సున్నా చుట్టి, మార్చి తెమ్మన్నాడు. ఉద్యోగంలో చేరింది మొదలు పైవారు చుట్టిన సున్నాను నేను కాదన్నది లేదు. ఆ రోజు మాత్రం మార్చలేదు. "దేహంపై ఉన్న ప్రకారం" అని పక్కన రాసి సంతకం పెట్టాను. కాగితం రెండు నెలలు ఆగింది. ఆ తర్వాత మంజూరైంది. అమ్మ 1994లో పోయేదాకా ఆ పింఛను తీసుకుంది. చివరి స్నానం చేయించేటప్పుడు ఒంటికి పసుపు పూశారు. ఆ పసుపు కింద అక్షరాలు అలాగే ఉన్నాయి.

మొన్న మా మనుమరాలు గుంటూరులో టాటూ వేయించుకుంటానని మొదలుపెట్టింది. వాళ్ల నాన్న కేకలేశాడు. కొత్త సూది విప్పింది కళ్లారా చూడమనీ, పాత సూదితో కామెర్ల జబ్బులు రాగలవనీ, వేయించుకున్నాక ఏడాదిపాటు రక్తం ఇవ్వకూడదనీ నాకు తెలిసినవి చెప్పాను. ఏం వేయించుకుంటావని అడిగితే, తాతమ్మ చేతి ఫోటో ఉందా అంది. ఫోటో ఎక్కడిది! పెట్టె అడుగున పింఛను కాగితాల కార్బన్ కాపీ ఉంటే తీసి ఇచ్చాను. అది చూసి, "తాతయ్యా, ఇందులో ఒక వత్తు పోయింది" అంది.

కూర్చోమని చెప్పి సంగతంతా చెప్పాను. కాలేజీలో రక్తదాన శిబిరం ఉందట, అది అయ్యాక వేయించుకుంటానంది. కాగితం ఇంకా తిరిగి ఇవ్వలేదు.