మోటుపల్లి రేవులో ఒక అభయ ఉత్తర్వు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు వెంటనే తోచిన ఊరు మోటుపల్లి. కాకతీయుల పాఠంలో ఒక్క వాక్యంగా చదివి, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న వాళ్ళమే మనమందరం. వెళ్ళి చూసినవారు మాత్రం తక్కువ. సంక్రాంతి సెలవులకు వచ్చిన మా మనవడిని వెంటబెట్టుకుని నేను ఈమధ్యనే వెళ్ళివచ్చాను.

ముందుగా వేటపాలెంలో దిగి, 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో కూర్చుని శాసన సారాంశం నోటుబుక్కులో రాసుకున్నాను. పాత లిపి చదవడం నాకు రాదు గనుక ఈ జాగ్రత్త తప్పలేదు. అక్కడి నుంచి చినగంజాం చేరి, ఆటో మాట్లాడుకుని ఉప్పు కొఠార్ల పక్కగా సముద్రం వైపు సాగాము. మనం ఉద్యోగాలు చేసిన రోజుల్లో ఇది ప్రకాశం జిల్లా. 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది.

"తాతయ్యా, పట్నం అన్నావు, ఏదీ?" అన్నాడు మనవడు దిగగానే. వాడి ప్రశ్నలో తప్పులేదు. ఇసుక, సరుగుడు చెట్లు, వీరభద్రస్వామి గుడి, దూరంగా అలల చప్పుడు. ఓడలు నిలిచిన జాడ గాని, సరుకుల కొట్ల జాడ గాని కంటికి ఆనదు.

ఓరుగల్లు సముద్రానికి చాలా దూరం. అయినా 1199 నుంచి 1262 వరకు పాలించిన గణపతిదేవునికి రేవు అవసరమైంది. యుద్ధాలకు కావలసిన మేలుజాతి గుర్రాలు సముద్రం మీదుగా రావాలి. మన సన్నబట్టలు సముద్రం మీదుగా పోవాలి. ఆ శతాబ్దం చివర మన తీరం గురించి రాసిన మార్కోపోలో ఈ రాజ్యాన్ని రేవు పేరుతోనే 'ముట్‌ఫిలి' అన్నాడు. సాలెగూడులాంటి పల్చని బట్టల గురించి, వజ్రాల గురించి రాశాడు. ఒక రాణి న్యాయంగా పాలించిందనీ రాశాడు. ఆమె రుద్రమదేవి. కాకపోతే ఆమెను రాజుగారి భార్య అనుకున్నాడు. గణపతిదేవుని కుమార్తె అని మనకు తెలుసు.

ఇక అసలు విషయం. గుడి మండపంలోని స్తంభం మీద గణపతిదేవుడు 1244-45లో వేయించిన శాసనం ఉంది. సంస్కృతంలోను, తెలుగులోను చెక్కించాడు. దీనినే అభయశాసనం అంటారు. నా నోటుబుక్కు పక్కన పెట్టుకుని చూస్తే, ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు నడిపిన నా కళ్ళకు అది అచ్చంగా ఒక జీ.ఓ.లాగా కనిపించింది. ఉత్తర్వు ఎవరిది, ఎవరికి వర్తిస్తుంది, ఇంతకుముందున్న పద్ధతి ఏమిటి, ఇప్పుడు ఏమి మారుతున్నది, చివర సుంకాల పట్టిక. ఏదీ లోపించలేదు.

ఇంతకుముందున్న పద్ధతి ఇది. ఒక దేశం నుంచి మరొక దేశానికి బయలుదేరిన ఓడ తుఫానులో చిక్కి, పగిలి ఒడ్డుకు కొట్టుకువస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తం ఆ తీరపు రాజు బలవంతంగా తీసుకునేవాడు. గణపతిదేవుడు ఆ పద్ధతిని రద్దు చేశాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవారి పట్ల దయతోను, కీర్తి కోసం, పుణ్యం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వారికే వదిలివేస్తున్నానన్నాడు. ఎగుమతులకు, దిగుమతులకు సుంకం ముప్పయ్యింట ఒక వంతు. నూటికి మూడు రూపాయల ముప్పైమూడు పైసలన్నమాట. ఆ తరువాత గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టు, పగడం, మిరియాలు, వక్కల వంటి వాటికి విడివిడిగా రేట్లు.

ఆ స్తంభం ముందు నాకు 1977 నవంబరు గుర్తుకు వచ్చింది. 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన సంగతి మనలో ఎవరూ మరచిపోలేదు. నేనప్పుడు తీరప్రాంతంలో ఒక కార్యాలయంలో కొత్తగా చేరిన గుమాస్తాను. పడవ, వలలు పోగొట్టుకున్న ఒక బెస్తాయన సహాయం కోసం వచ్చాడు. పడవ నీదేనన్న ఆధారం ఏదీ అని అడిగాను. "కాయితం కూడా పడవతోనే పోయింది బాబూ" అన్నాడు. 'తగిన ఆధారములు లేనందున' అని నోటు రాసి ఫైలు పైకి పంపాను. సంతకమైపోయింది. ఆయన మరి రెండుసార్లు వచ్చాడు, తరువాత రావడం మానేశాడు.

నేను నిబంధన తప్పలేదు. కాని, గ్రామకరణం చేత విచారణ జరిపించవచ్చునని ఒక్క వాక్యం అదనంగా రాసి ఉంటే ఆ ఫైలు మరోదారిన నడిచేదేమో. ఆ వాక్యం నేను రాయలేదు. సముద్రంలో పోగొట్టుకున్నవాడి పక్షాన ఏడువందల ఏళ్ళ క్రితమే ఉత్తర్వు రాసిన వారుండగా, నాకు ఆ ఆలోచన రాకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రేవు కథ గణపతిదేవునితో ముగియలేదు. 1358లో అనవోతారెడ్డి ఇక్కడే మరొక శాసనం వేయించి, వచ్చి స్థిరపడే వర్తకులకు భూమి, ఇల్లు ఇస్తామని, వెళ్ళదలచినప్పుడు అడ్డుపెట్టబోమని చెప్పాడు. తరువాత వ్యాపారం వేరే రేవులకు మళ్ళింది. 1611లో ఇంగ్లీషు కంపెనీవారు కొఠీ తెరిచింది మచిలీపట్నంలో.

తిరిగి వచ్చేటప్పుడు మనవడు, "మరి ఇంత పెద్ద పట్నం పోయి ఈ రాయి ఎలా మిగిలింది తాతయ్యా?" అన్నాడు. గుడిలో ఉంది గనుక మిగిలిందిరా అన్నాను. పూర్తి జవాబు అది కాదేమో.

ఓపిక ఉన్న మిత్రులు చలికాలంలో ఒకసారి వెళ్ళిరండి. పిల్లలను తీసుకువెళ్ళండి. మంచినీళ్ళు వెంట ఉంచుకోండి. ఇక నా సంగతి. ప్రతి నెలా మన సంఘం కార్యాలయంలో ఫ్యామిలీ పింఛను కాగితాలతో వచ్చే ఆడవారికి దరఖాస్తులు రాసిపెడుతుంటాను. ఏదో ఒక ఋజువు లేని కేసు వస్తూనే ఉంటుంది. మోటుపల్లి వెళ్ళివచ్చినప్పటి నుంచి 'లేదు' అన్న మాట దగ్గర ఆపకుండా, బదులుగా ఏమి చూపవచ్చునో దాని కింద మరొక వాక్యం రాస్తున్నాను.