గాలికబురును తూచుట



మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములకు సముద్రము దూరము. అయినను 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల యొద్ద తీరము దాటిన మిచాంగ్ తుపాను వాన మనవఱకును వచ్చినది. వరి కళ్లమునకు చేరు చలికాలమున సముద్రపు గాలికబురు మనకును అవసరమే.

పూర్వము ఆ కబురే లేదు. 1864 నవంబరు 1వ తేదీన ఉప్పెన బందరుపై బడి సుమారు 30,000 మందిని బలిగొన్నది. ముందు నెలలోనే కలకత్తాయు తుపానుపాలైనది. ఆ పిమ్మట 1865లో కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికలు మొదలైనవి. 1875లో భారత వాతావరణ శాఖ వెలసినది. రేవులలో ఎగురవేయు ప్రమాద సూచికలు పదునొకండు. కడపటి 11వ సూచికకు అర్థమేమన, హెచ్చరిక కేంద్రముతో వార్తలు తెగినవని! కబురు రాకుండుటయు నొక కబురే.

అయినను 1977 నవంబరు 19న దివిసీమలో వేలమంది మడిసిరి. కబురు పుట్టుట వేఱు. పల్లెకు చేరుట వేఱు. చేరినదానిని తూచి నడచుకొనుట వేఱు.

తూచుట యెట్లు? తూర్పారబట్టు రైతు చేటనుండి రాలు పొల్లును చూచి గాలి నెఱుగును. అది ఆ క్షణపు తూకమే, రేపటిది కాదు. కబురులోని వేగము పది మీటర్ల యెత్తున కొన్ని నిమిషముల సగటు. నడుమ వచ్చు విసురు అంతకు మించును. వేగము రెండింతలైన తాకిడి నాలుగింతలగును. చల్లనిగాలి బరువైనది: 10 డిగ్రీల గాలి 35 డిగ్రీల గాలికంటె ఇంచుమించు పదునొకండవవంతు బరువు. కావున అదే వేగము శీతకాలమున తెరచాపను మఱింత గట్టిగా నెట్టును. హుస్సేనుసాగరమున చాపపడవలు నడుపువారును, గణపసముద్రమున వలవేయువారును ఇది గుర్తుంచుకొనవలెను. వేకువ చల్లనిగాలి నేలనంటి నిద్రించును. ప్రొద్దెక్కిన పిదప పైగాలి దిగివచ్చును. తెల్లవాఱుజామున చెఱువు అద్దమువలె నున్నదని కబురు బొంకనరాదు.

ఒక కారు కబురును, వచ్చిన గాలిని గోడపై ప్రక్కప్రక్కన వ్రాసికొనుడు. మీ యూరికి అది ఎంతవఱకు పొసగునో తేలును. తుపాను హెచ్చరికకు మాత్రము ఈ లెక్క వలదు. పదిమాఱులు తప్పినను పదునొకండవమాఱు వినవలసినదే. ఊరక కదలినచో ఒకనాటి శ్రమ పోవును. కదలక యున్నచో ప్రాణమే పోవును.