హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు

ఫుట్‌బాల్ అనగానే కలకత్తాను తలచుకొనడము మనకు అలవాటైపోయినది. మోహన్ బాగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ అన్న మూడు పేర్లు ఆ ఆట ఎన్నడును చూడని ఇండ్లలో సైతము వినబడుతూ ఉంటవి. కాని 1950కీ 1963కీ మధ్య, బొంబాయిలో గాని ఢిల్లీలో గాని పెద్ద పోటీ జరిగిందంటే, ఆ కలకత్తా జట్లు మొట్టమొదట విచారించుకొన్న విషయము ఒక్కటే: హైదరాబాదు పోలీసులు వస్తున్నారా, లేదా? ఆ పదమూడేండ్ల కథను నేడు మన ఊళ్ళోనే చాలమంది ఎరుగరు. ఎరిగినవారిలో ఎక్కువమంది ఇప్పుడు లేరు. అందుచేత ఆ కథను ఈ పత్రిక పాఠకులకు వినిపింప తలపెట్టినాము.

ఈ జట్టు 1939లో రూపు కట్టినది. పాశ్చాత్య దేశములలో ఫుట్‌బాల్ క్లబ్బు అంటే వ్యాపార సంస్థ. ఆటగానికి వారానికింత అని జీతమిచ్చి, ఒక క్లబ్బు నుండి మరొక క్లబ్బు కొనుక్కొనే పద్ధతి అక్కడ వంద సంవత్సరములకు పైగా ఉన్నది. మన దేశములో అప్పటికి ఆ పద్ధతి లేదు. ఆటగాడంటే పైసా పుచ్చుకొనని ఔత్సాహికుడని కాగితము మీద వ్రాసి ఉండేది. అయితే పైసా లేకుండ ప్రతిదినము పరుగెత్తేవాడు ఇంటికి పోయి ఏమి తింటాడు? ఈ ప్రశ్నకు కలకత్తా క్లబ్బులు ఒక విధముగా జవాబు చెప్పుకొన్నవి. దానిని గురించి పైకి ఎవరును మాట్లాడేవారు కారు. హైదరాబాదు చెప్పిన జవాబు వేరు. ఆటగానికి పోలీసు ఉద్యోగమిచ్చినారు. నెలకు జీతము, తలకు టోపీ, ముసలితనములో పింఛను. బంతి తన్నడమే వారికి అసలు డ్యూటీ అని మేమంటే పోలీసువారు కోపగించుకొనరనే మా నమ్మకము. పేరుకు ఔత్సాహికులే గాని, వారి దినచర్యను బట్టి చూస్తే మన దేశములో వృత్తి క్రీడాకారులనదగిన తొలి జట్లలో ఇది ఒకటి.

1943లో బెంగుళూరు ఆష్ గోల్డ్ కప్పు పోటీలో వీరు రాయల్ ఎయిర్‌ఫోర్స్ వారి జట్టును ఓడించినారు. యుద్ధకాలములో తెల్ల సైనికుల జట్టును ఒక దేశీయ సంస్థానపు పోలీసులు ఓడించడమనేది అప్పట్లో చిన్న వార్త కాదు. ఐనను జట్టుకు దేశవ్యాప్తమైన పేరు రావడానికి మరి ఏడేండ్లు పట్టినది. ఆ పేరు తెచ్చినది బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీమ్.

రహీమ్ సాహెబు 1909లో జన్మించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదివినారు. తాము కూడ ఆడినవారే గాని, ఆటగాడుగా కీర్తి గడించినవారు కారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయి, చనిపోయేవరకు ఆ పదవిలోనే ఉన్నారు. 1950లో పోలీసు జట్టుకు శిక్షకులైనారు. బడిలో పిల్లలకు పాఠము చెప్పినట్లే మైదానములో కూడ చెప్పినారనడమే ఆయన పద్ధతికి సరియైన వర్ణన.

ఆ రోజులలో మన ఆటగాడు బంతి కాలికి దొరికితే విడిచిపెట్టేవాడు కాడు. ఒకరిని దాటించి, ఇద్దరిని దాటించి, మూడవవాని చేత చిక్కి పోగొట్టుకొనేవాడు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టేవారు. రహీమ్‌కు ఆ చప్పట్లు గిట్టవు. బంతి మనిషి కంటె వేగముగా పోతుంది, కనుక బంతినే పరుగెత్తించండి అన్నది ఆయన బోధన సారము. దీనిని మాటలతో చెప్పి ఊరుకొనలేదు. బంతిని కాలి దగ్గరనే ఉంచుకొని ఎదుటివారిని తప్పించుకుపోవడము నిషిద్ధమని నియమము పెట్టి, ఆ నియమముతోనే కుర్రవాండ్రకు ప్రత్యేకముగా పోటీలు జరిపించినారు. బంతి వచ్చిందా, పంపవలె. అంతే. బలహీనమైన కాలితో మాత్రమే తన్నవలెనని మరొక పోటీ పెట్టినారు. కుడికాలి వాటము గలవాడు ఎడమకాలితో తంటాలు పడుతుంటే చూచేవారు నవ్వి ఉంటారు; కాని రెండేండ్లు గడిచేసరికి ఆ కుర్రవానికి రెండు కాళ్ళు సమానమయ్యేవి. ఇట్టి కుర్రవాండ్రే పోలీసు జట్టుకు చేరేవారు. కలకత్తా జట్లు సిద్ధమైన ఆటగాండ్రను తెచ్చుకొంటే, హైదరాబాదు వారు తామే తయారు చేసుకొన్నారు. మా దృష్టిలో ఈ జట్టు చరిత్రలో అన్నిటికంటె ముఖ్యమైన విషయము ఇదే. కప్పుల లెక్క దీని తరువాతిది.

అయినను కప్పుల లెక్క చెప్పక తప్పదు. 1950లో డ్యూరాండ్ కప్పు పోటీ స్వతంత్ర భారతములో మొదటిసారిగా జరిగినది. అది 1888లో సిమ్లాలో తెల్ల సైనికులు తమకోసము పెట్టుకొన్న పోటీ. యుద్ధము వలనను, దేశ విభజన వలనను ఏండ్ల తరబడి ఆగి, ఢిల్లీలో మరల ఆరంభమైనది. ఆ కప్పును మోహన్ బాగాన్‌ను ఓడించి గెలిచినవారు హైదరాబాదు సిటీ పోలీసులు. ఆ సంవత్సరమే బొంబాయి రోవర్స్ కప్పును కూడ తెచ్చినారు. 1950 ఏప్రిల్ 1న మన దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసినది. అంతకు రెండేండ్లకు ముందు దేశములోని పత్రికలు హైదరాబాదు పేరునూ, పోలీసు అన్న మాటనూ ఏ సందర్భములో పక్కపక్కన అచ్చువేసినవో పెద్దలకు జ్ఞాపకమే. అదే రెండు మాటలు ఇప్పుడు ఆటల పేజీలో పక్కపక్కన కనబడినవి. ఆ మార్పులోని సంతోషము ఎట్టిదో ఆ రోజులలో ఈ నగరములో ఉన్నవారు బాగుగా ఎరుగుదురు.

రోవర్స్ కప్పును వారు 1951లో మరల గెలిచినారు. 1952లో, 1953లో, 1954లో కూడ గెలిచినారు. వరుసగా ఐదేండ్లు. 1891లో ఆరంభమైన ఆ పోటీలో మరి ఏ జట్టుకును ఈ ఘనత దక్కలేదు. పోటీయే ఈ శతాబ్ది ఆరంభములో ఆగిపోయినది గనుక ఇక దక్కబోదు కూడ. ఐదేండ్ల పాటు బొంబాయి కూపరేజ్ మైదానములో ఎవరు ఎదురైనను నెగ్గడము అదృష్టము వలన జరిగేది కాదు. వెనుక వరుసలో అజీజుద్దీన్, మధ్యలో నూర్ మహమ్మద్, ముందు మొయిన్, లాయఖ్ వంటివారు ఉండేవారు. వీరిలో ఒకడు గాయపడినా జట్టు తీరు మారేది కాదు. ఆ స్థానములో నిలిచే మరొక కుర్రవాడు అదే బడిలో అదే పాఠము చదివినవాడై ఉండేవాడు.

ఈ జట్టు ఓడలేదని మేము చెప్పడము లేదు. 1952లోను, 1956లోను డ్యూరాండ్ కప్పు చివరి ఆటలో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడినారు. 1957లో అదే ఈస్ట్ బెంగాల్‌ను అదే మైదానములో ఓడించి, ఆ ఏడు రోవర్స్ కప్పును కూడ కలుపుకొన్నారు. ఒకే ఏడాది ఆ రెండు కప్పులు తెచ్చుకొనడము వారికి అది మూడవసారి. 1950లోను, 1954లోను అట్లే జరిగినది.

ఇక్కడ బూట్ల సంగతి ఒకటి చెప్పవలె. మనవారిలో చాలమంది అప్పట్లో వట్టి కాళ్ళతో ఆడేవారు. బంతి స్పర్శ పాదానికి నేరుగా తెలుస్తుందని వారి వాదము; బూట్లు కొనే డబ్బు లేకపోవడము వాదానికి వెనుక ఉన్న కారణము. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో ఆ చలిలో, ఆ తడి నేల మీద యుగోస్లావియా చేతిలో భారత జట్టు 10-1 గోళ్ళ తేడాతో ఓడినది. ఆ జట్టుకు శిక్షకులు కూడ రహీమే. తిరిగి వచ్చిన పిమ్మట బూట్లు తప్పనిసరి చేసినారు. మన దేశములో అప్పుడు ఆట అంతర్జాతీయ నియమమైన 90 నిమిషముల కంటె తక్కువ సేపు సాగేది. చివరి ఇరవై నిమిషములలో మనవారి కాళ్ళు తడబడడానికి అది మరొక కారణము. పాదరక్షలు, దమ్ము అన్నవి రెండును రహీమ్ పాఠములో అప్పటినుండి చేరినవి.

సికిందరాబాదు దండు ప్రాంతమును ఈ సందర్భములో మరువరాదు. బొల్లారం, తిరుమలగిరి, అమ్ముగూడ పరిసరములలో సైనికులు ఆడుతుంటే చూచి నేర్చుకొన్న పిల్లలు ఎందరో. తులసీదాస్ బలరామ్ అట్టివాడు. పేదింటి పిల్లవాడు. బూట్లు కొనలేక, ఎవరో పోలీసు విడిచిన పాత బూట్లను చెప్పులు కుట్టేవాని దగ్గర ఆటకు తగినట్లు మార్పించుకొన్నాడట. అమ్ముగూడ నుండి హైదరాబాదుకు శిక్షణకు రావడానికి సైకిలు అద్దె రహీమ్ సాహెబే ఇచ్చేవారట. ఆ పిల్లవాడే ఇరవై ఏండ్ల ప్రాయములో 1956 మెల్బోర్న్ ఒలింపిక్ జట్టులో చేరినాడు.

ఆ జట్టు సాధించినది మన దేశము ఫుట్‌బాల్‌లో మరి ఎన్నడును సాధింపలేదు. ఆస్ట్రేలియాను దాని సొంత గడ్డ మీద 4-2 గోళ్ళతో ఓడించి భారతము సెమీఫైనలు చేరినది. ఆసియా ఖండము నుండి ఒలింపిక్ సెమీఫైనలు చేరిన మొదటి జట్టు అదే. ఆ ఆటలో మూడు గోళ్ళు చేసినవాడు బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా. తరువాత యుగోస్లావియాతోను, బల్గేరియాతోను ఓడి, నాలుగవ స్థానముతో తిరిగి వచ్చినారు. శిక్షకులు రహీమ్. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరామ్ మొదలైన మన నగరపు ఆటగాండ్రు ఆ జట్టులో ఉండిరి. ఆ నెలకు సరిగా ముందే, నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. సంతోష్ ట్రోఫీని 1956-57లోను, 1957-58లోను గెలిచిన జట్టు పేరు మాత్రము హైదరాబాదు అనే ఉన్నది. పోలీసు జట్టు పేరు కూడ కొన్నాళ్ళకు మారినది. 1960లో రోవర్స్ కప్పు గెలిచినవారు ఆంధ్రప్రదేశ్ పోలీసులు. 1961లో డ్యూరాండ్ కప్పు కూడ, మోహన్ బాగాన్‌ను ఓడించి, ఆ పేరు మీదనే వచ్చినది. 1962లో రోవర్స్ కప్పును ఈస్ట్ బెంగాల్‌తో పంచుకొన్నారు.

ఆ 1962లోనే జకార్తా ఆసియా క్రీడలు జరిగినవి. రహీమ్‌ను అప్పటికే కాన్సరు పట్టుకొన్నది. సెప్టెంబరు 4న చివరి ఆట దక్షిణ కొరియాతో. భారతీయ అధికారి ఒకరు క్రీడల నిర్వాహకులను విమర్శించినందున అక్కడి జనము మనవారి మీద మండిపడుతున్నారు. లక్షమంది మైదానములో కూర్చుండి మనవారిని గేలి చేస్తుంటే ఆట సాగినది. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను వెనుక వరుస నుండి తెచ్చి ముందు వరుసలో ఆడించినారు రహీమ్. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు చేసినారు. 2-1తో స్వర్ణ పతకము వచ్చినది. ఆ జట్టులో గోలు కాచిన పీటర్ తంగరాజ్ హైదరాబాదులో పుట్టినవాడు. బలరామ్, యూసుఫ్ ఖాన్ కూడ ఈ నగరపు వారే. 1963 జూన్ 11న రహీమ్ కన్నుమూసినారు.

గురువు పోయిన ఏడాదియే పోలీసు జట్టు రోవర్స్ కప్పు గెలిచినది; డ్యూరాండ్ చివరి ఆటలో మోహన్ బాగాన్‌తో ఓడినది. లెక్క చూస్తే తొమ్మిది రోవర్స్ కప్పులు, నాలుగు డ్యూరాండ్ కప్పులు. ఆ పైన ఆ రెండింటిలో ఏదియు రాలేదు.

ఎందుకు రాలేదు? రహీమ్ మరణమే కారణమని చెప్పి ఊరుకొనడము తేలిక. మేము అంత తేలికగా నమ్మలేము. ఏ పోలీసు ఉద్యోగము జట్టును నిలబెట్టినదో, అదే తరువాత దాని కాళ్ళకు బంధమైనది. కానిస్టేబులు జీతమునకు ఒక హద్దున్నది. కలకత్తా క్లబ్బు ఇచ్చే సొమ్ముకు హద్దు పెరుగుతూ పోయినది. బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళినాడు. 1966లో నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అదే క్లబ్బులో చేరినారు. వెళ్ళినవారిని తప్పుపట్టలేము, ఇంట్లో పొయ్యి వెలగవలె గదా. అయితే పూర్వము ఒకడు వెళితే ఆ స్థానానికి పదిమంది సిద్ధముగా ఉండేవారు. ఆ పదిమందిని తయారు చేసే బడి రహీమ్‌తోనే మూతపడినది. నగరము పెరిగి, పిల్లలు ఆడుకొనే ఖాళీ స్థలములు ఇండ్లై దుకాణములై పోయినవి. 1965-66లో సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ ఒకసారి తెచ్చుకొన్నది. అది పాత పంటలో మిగిలిన గింజ.

2019లో హైదరాబాదు పేరుతో పూర్తిగా వృత్తి క్రీడాకారుల క్లబ్బు ఒకటి వచ్చినది. 2022లో ఇండియన్ సూపర్ లీగు గెలిచినది. 2025లో ఢిల్లీకి తరలి పేరు మార్చుకొన్నది.

హబీబ్ సంగతి చెప్పి ముగించెదము. పోలీసు ఉద్యోగమే కాదు, మరి ఏ ఉద్యోగము వచ్చినను వద్దని, ఆటయే నా వృత్తి అని బ్రదికినవాడాయన. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో నయీముద్దీన్ నాయకత్వమున కాంస్య పతకము తెచ్చిన జట్టులో ఆడినారు. 1977 సెప్టెంబరు 24న పీలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు, ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బాగాన్ తరఫున ఒక గోలు చేసినారు. ఆట 2-2 సమానముగా ముగిసినది. బలరామ్ 2023 ఫిబ్రవరిలోను, హబీబ్ అదే సంవత్సరము ఆగస్టు 15న హైదరాబాదులోను మరణించినారు.